అన్న వచ్చేదాకా

మార్చి 14

పంజాగుట్టకు వచ్చేశాం. ఏడో అంతస్తు. అద్దాల గోడ పక్కన నిలబడితే మెట్రో మన కాళ్ళ కిందినుంచి పోతున్నట్టుంటుంది. భాను పొద్దుటినుంచి అక్కడే నిలబడి వచ్చేపోయే రైళ్ళను చూస్తున్నాడు, మొదటిసారి పట్నం చూసినవాడిలా. అమీర్‌పేటలో పుట్టి పెరిగిన మనిషి!

పాలు పొంగించింది వాళ్ళమ్మ కాంతవ్వగారు. ఆఫీసులో గ్యాస్ వద్దన్నారని కరెంటు పొయ్యి తెప్పించాం. మంట కనిపించక ఆవిడ మాటిమాటికీ వంగి చూసింది. "మంట లేని పొయ్యి మీద పాలెట్ల పొంగుతయి బిడ్డా?" అంది. పొంగాయి. ఆవిడ మాత్రం నమ్మినట్టు లేదు.

భాను నాన్న శివరాములుగారు బోర్డు చూసి కొంచెం చిన్నబుచ్చుకున్నారు. కొడుకు పేరు, నా పేరు కలిపి 'భానులక్ష్మి' అని పెట్టింది ఆయనే. రైస్ మిల్లు పేరులా ఉందని క్లయింట్లు నవ్వుతున్నారని ఇప్పుడు 'బీఎల్ అడ్వైజరీ' చేశాం. "పేరు పొట్టిగైంది, ఆఫీసు పొడుగైంది" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

మైత్రివనం వెనక గల్లీలో కింద ఆయన కుట్టు దుకాణం, మధ్య అంతస్తులో ఒక్క గదిలో మా ఆఫీసు, పైన వాళ్ళ ఇల్లు. అలా మొదలైంది. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో నీళ్ళ సాంబారు తిని వచ్చే నాకు కాంతవ్వగారు ఏమీ అడక్కుండానే కంచం పెట్టేది. తెనాలి పిల్లకు జొన్నరొట్టె అలవాటు చేసింది ఆవిడే. ఇవాళ వెళ్ళేటప్పుడు "గింత ఎత్తుల పనిచేస్తె అన్నం ఎవలు తెచ్చిస్తరు?" అని అడిగింది. యాప్ ఉందమ్మా అన్నాను. ఎందుకో నాకే బాగాలేదు ఆ జవాబు.

మధ్యలో సురేందర్ ఫోన్. అన్నగారి పీఏ, అదే మన మంత్రిగారి పీఏ. "మేడం, ఎవరు పోయిండ్రు?" ఎప్పుడూ ఇదే పలకరింపు. ఎవరూ పోలేదు బాబూ, మేమే పంజాగుట్ట పోయాం అన్నాను. పగలబడి నవ్వాడు.

మార్చి 20

కొత్తగా చేరిన మంజూషకు పని చెప్పాను. కంపెనీల రిటర్నులు, బోర్డు మీటింగులు, లైసెన్సులు అన్నీ వచ్చు ఆ పిల్లకు. రానిదల్లా మా అసలు పని.

క్లయింటు ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్ళు పోతే అందరికన్నా ముందు మనకు తెలియాలి. అన్నగారి ఆఫీసుకు చెప్పాలి. ఆయన పరామర్శకు వెళతారు. కాసేపు కూర్చుంటారు, కొడుకు చెయ్యి పట్టుకుంటారు. తండ్రి పోయిన రోజున మంత్రి మా ఇంటికొచ్చాడని ఆ ఇల్లు ఎన్నాళ్ళయినా చెప్పుకుంటుంది. ఇక ఆ క్లయింటు మనల్ని వదలడు. ఆయన ఫైలు కదలడం లేదని అన్నగారికి చెప్పడానికి మనకూ మొహమాటం ఉండదు.

"ఫోన్లో ఇదే వరసలో చెప్పాలి" అన్నాను. పేరు, వయసు, మనవాళ్ళకు ఏమవుతారు, ఏ అంతస్తు, లిఫ్టు ఉందా, కాన్వాయ్ తిరగడానికి చోటుందా.

"మధ్యలో ఏడవాలా మేడం?" అని అడిగింది మంజూష. కొంటెపిల్ల. నవ్వాపుకోలేకపోయాను.

మొదటిసారి నిజంగా జాలితోనే చేశాను. కేదార్ అని ఒక చిన్న క్లయింటు. వాళ్ళ నాన్న పోతే, వ్యాపారంలో దెబ్బతిన్నాడని చుట్టాలు కూడా గడప తొక్కలేదు. అన్నగారిని ఒకసారి తీసుకురమ్మని భానును బతిమాలాను. భానుకు ఆయన దగ్గర చనువు. కాలేజీ రోజుల్లో ఆయన లీడరుగా తిరిగేటప్పుడు వేసుకున్న మొదటి తెల్లచొక్కా శివరాములుగారు కుట్టిందే. ఇప్పటికీ ఆయనే కుడతారు. పొట్ట పెరిగితే అడక్కుండా వదులు చేసి కుట్టి పంపుతారు. ఆ రోజు అన్నగారు రాగానే వీధి వీధంతా కదిలొచ్చింది. కేదార్ నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. అక్కడితో ఆపి ఉంటే మంచి పనే.

ఏప్రిల్ 9

మందుల కంపెనీ ఎండీ వచ్చాడు. చాలా పెద్దవాళ్ళు. వీళ్ళు ఒప్పుకుంటే ఇంకో అంతస్తు తీసుకోవచ్చు. సంతకం మాత్రం నాన్చుతున్నాడు. మీకు మంత్రిగారు నిజంగా అంత దగ్గరా అని కళ్ళతోనే అడుగుతున్నాడు.

మే 17

శివరాములుగారు పోయారు.

మే 18

రాస్తే కొంచెం తేలికపడుతుందేమో.

నిన్న పొద్దున్న చాయ్ తాగి, గుండెలో మంటగా ఉందని పడుకున్నారట. అంతే. నేను వెళ్ళేసరికి భాను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే "అక్కా, అన్నకు చెప్పినవా?" అన్నాడు. మొదటి మాట అదే. నేను దార్లోనే చెప్పేశాను.

అన్నగారు జిల్లాలో ఉన్నారు, సభ ముగించుకుని వస్తారన్నారు. రెండో అంతస్తు, లిఫ్టు లేదు, మెట్లు సన్నం. సెక్యూరిటీవాళ్ళు ఆయన్ని పైకి ఎక్కనివ్వం అన్నారు. అందుకని శివరాములుగారినే కిందికి దించాం. గల్లీ మధ్యలో షామియానా వేసి ఫ్రీజర్ బాక్స్‌లో ఉంచాం. మే నెల ఎండ. జనరేటర్ రొద. కాంతవ్వగారు కూడా దిగి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. సిరిసిల్ల నుంచి వచ్చిన చుట్టాలు నీడ చాలక దుకాణాల అరుగుల మీద నిలబడ్డారు.

మధ్యాహ్నం ఆవిడ నన్ను దగ్గరికి పిలిచింది. "పొద్దుగూకకముందే తీస్కపోదం బిడ్డా. ఆయనకు చీకటంటె పడది. రాత్రిళ్ళు సుత లైటు ఏస్కొనే పండుకుంటడు."

"ఇంకొంచెంసేపమ్మా. అన్నగారు బయల్దేరారు" అన్నాను. అప్పటికి బయల్దేరలేదు. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను. మూడోసారి అడగలేదు.

ఆయన వచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. మనిషి మంచివాడే. నిజంగానే కళ్ళు తుడుచుకున్నారు. "నా మొదటి అంగి కుట్టింది కాకనే" అన్నారు. కెమెరాలు కాంతవ్వగారి ముఖం మీదికి వచ్చేశాయి. మందుల కంపెనీ ఎండీ ఎక్కడినుంచో పరుగున వచ్చి సరిగ్గా అన్నగారి భుజం పక్కనే నిలబడ్డాడు. అతన్ని అక్కడ ఎవరు నిలబెట్టారో నాకు తెలుసు. నేనే.

శ్మశానానికి చేరేసరికి పూర్తిగా చీకటి పడింది. లైట్లు తెప్పించాం.

మే 19

అయినా, అమీర్‌పేటలో ఏ టైలర్‌కు ఇంత గౌరవం జరిగింది? ఆయన చూసి ఉంటే పొంగిపోయేవారు. పేపర్లో కూడా వచ్చింది.

మే 27

ఎండీ సంతకం పెట్టాడు. పెడుతూ "మీ నాన్నగారి విషయంలో సార్ ఎంత కదిలిపోయారండీ" అన్నాడు భానుతో. భాను తల వంచుకుని థాంక్స్ చెప్పాడు.

ఆయన పొంగిపోయేవారు. తప్పకుండా.

జూలై 2

ఎనిమిదో అంతస్తు కూడా తీసుకున్నాం. స్వీట్లు పంచాం. అమీర్‌పేటకు ఒక డబ్బా పంపాను. వెళ్ళడానికి తీరిక లేదు.

ఆగస్టు 10

తీరిక చేసుకుని వెళ్ళాను. ఇన్నాళ్ళు వెళ్ళనందుకు తిడుతుందనుకున్నా. తిట్టలేదు, రొట్టె పెట్టింది. దుకాణం షట్టర్ దించేసి ఉంది. ఆవిడ పైన ఒక్కతే. పంజాగుట్టలో తన ఫ్లాట్‌కు రమ్మని భాను ఎంత బతిమాలినా రానంటోంది. పక్క వాటాలో బ్యూటీ పార్లర్ నడుపుకునే పింకీ అనే అమ్మాయి కనిపెట్టుకుని ఉంటుంది.

రొట్టె తింటూ ఉంటే నా పక్కన కూర్చుని అంది: "బిడ్డా, నేను పోయిననాడు ఎవ్వలికి చెప్పకుండ్రి."

"ఏం మాటలమ్మా అవి?"

"విను జర. నన్ను గా రోడ్డు మీద వెట్టొద్దు. ముసలాయనను పొద్దుందాక ఎండల వెట్టిండ్రు. నాకు ఆయన దిక్కు చూడబుద్ధి కాలే. వచ్చినోళ్ళందరు గా మంత్రి ఎప్పుడొస్తడా అని రోడ్డు దిక్కే చూస్తున్నరు. ఒక్కలు ఆయన మొకం చూడలే. నన్ను ఇండ్లకెల్లి సీదా తీస్కపోండ్రి. పొద్దుండంగనే."

రొట్టె కంచంలో పెట్టేశాను. నా మీద కోపంగా ఉందా అని అడిగాను. అడగకూడదు, అయినా అడిగాను.

"కోపం గాదు. నువ్వు మాటియ్యి."

చేతిలో చెయ్యి వేశాను. మరి భానుకు? అన్నాను.

"ఆనికి నేను చెప్పుకుంట. నీది నువ్వు జూస్కో."

వస్తూ వస్తూ మెట్ల మీద ఏడ్చాను. ఆవిడ అడిగినప్పుడు రెండుసార్లు అబద్ధం చెప్పినందుకు. మూడోసారి అడగనందుకు ఇంకా ఎక్కువ. ఈ ఒక్క మాటయినా నిలబెట్టుకోవాలి. ఏ క్లయింటు పోయినా, ఆఫీసు మూతపడినా సరే.

సెప్టెంబర్ 21

భాను వింటాడా అన్నదే నా భయం. ఆవిడ చెప్పినా వింటాడా? తండ్రి పోయిన పొద్దున 'అన్నకు చెప్పినవా' అన్న మనిషి. కన్నీళ్ళు ఆరకముందే ఫోన్ తీస్తాడు.

అక్టోబర్ 16

భాను ఈమధ్య మీటింగుల మధ్యలో లేచి వెళ్ళి అద్దం దగ్గర నిలబడుతున్నాడు. ఇవాళ నేనూ వెళ్ళాను.

"నాయిన షామియాన కింద ఉన్నట్టే కల వడుతుందక్కా. లేపి ఇంట్లకు తీస్కపోదమంటె ఎవ్వలు చెయ్యి పట్టరు."

కొన్నాళ్ళు సెలవు పెట్టు అన్నాను.

కలలు ఎవరికైనా వస్తాయి. నేను మాత్రం జాగ్రత్త పడ్డాను. సాయంత్రం పింకీకి ఫోన్ చేసి, "అమ్మకు ఏ కాస్త బాగాలేకపోయినా ముందు నాకు చెప్పు. భానుకు నేను చెబుతాను" అన్నాను. "సరే ఆంటీ" అంది. వాడిని ముందు కూర్చోబెట్టి, ఫోన్ చేతిలోంచి తీసుకుని, ఆ తర్వాత చెప్పాలి. అంతా ఆలోచించి పెట్టుకున్నాను.

నవంబర్ 6

ఢిల్లీలో ఆఫీసు తెరవమంటున్నారు. మంజూష ఇప్పుడు నాకన్నా బాగా ఫోన్లు చేస్తోంది.

డిసెంబర్ 11

ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున్న పింకీ ఫోన్. "ఆంటీ, అమ్మమ్మ లేస్తలేదు." ఆటోలో వెళ్ళాను. పక్క వీధి డాక్టరు అప్పటికే చూసి వెళ్ళిపోయాడట. కాంతవ్వగారు గోడవైపు తిరిగి పడుకుని ఉంది, ముఖం ప్రశాంతంగా. తల నిమిరాను. చల్లగా ఉంది.

"ముందు నాకే చేశావు కదా?" అని పింకీని అడిగాను. బెదురుగా తలూపింది.

భానుకు చేశాను. స్విచాఫ్. మళ్ళీ స్విచాఫ్. వాడి భార్య నిరోష పుట్టింట్లో ఉంది, ఆమెకూ తెలియదు. ఇవాళ గురువారం. గురువారాలు భాను అన్నగారింట్లోనే టిఫిన్ చేస్తాడు, క్లయింట్లను వెంటబెట్టుకుని. అక్కడ ఉన్నాడా అని మాత్రం అడుగుదామనుకున్నాను. ఒక్క ముక్క. భాను ఉన్నాడా, ఉంటే నాకు ఫోన్ చెయ్యమను. ఇంకేమీ చెప్పకూడదు. మెట్ల మీదికి వచ్చి, ఆ మాట మనసులో ఒకసారి అనుకుని మరీ చేశాను.

సురేందర్ ఎత్తాడు. "నమస్తే మేడం. ఎవరు పోయిండ్రు?"

"కాంతవ్వగారు. డెబ్భై రెండు. భాను వాళ్ళమ్మ. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. గల్లీ చివర కాన్వాయ్ తిరుగుతుంది" అన్నాను.

అనేశాక విన్నాను, నా గొంతు. ఏడుపు లేదు, తడబాటు లేదు. మంజూషకు నేర్పిన గొంతే.

"అయ్యో! భానన్న అమ్మనా?"

"సురేందర్, వద్దు. అన్నగారికి చెప్పొద్దు. భాను ఉన్నాడా అని అడగడానికే చేశాను."

"గిదేంది మేడం, మన ఇంట్ల ముచ్చటకు సుత మొహమాటమా? భానన్న అమ్మంటె అన్నకు అమ్మ గాదా? మీరు ఫికర్ చెయ్యకుండ్రి, నేను చూస్కుంట." పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎంగేజ్. ఎవరెవరికి చేస్తున్నాడో నాకు తెలుసు. ఆ వరస కూడా నేను చెప్పిందే.

అన్నగారు ఊళ్ళో లేరేమో అనుకున్నాను. సమీక్షలు ఉంటాయి, తీరిక ఉండదు అనుకున్నాను. అలా అనుకుంటూ లోపలికి వెళ్ళి ఆవిడ పాదాల దగ్గర కూర్చున్నాను.

కాసేపటికి భాను వచ్చాడు. ఎర్రగడ్డలో ఉండే మేనమామలిద్దరితో, ఆటోలో. చేతిలో కొత్త బట్ట, పూలు. తల్లి ముఖం మీద ముఖం పెట్టి ఏడ్చాడు. తర్వాత లేచి ముఖం తుడుచుకుని నాతో అన్నాడు:

"పింకీ ఫోన్ చెయ్యంగనే నా ఫోన్ బందువెట్టి ఇంట్ల పడేసినక్కా. కార్ల వస్తె డ్రైవర్ ఎవ్వలికన్న చెప్తడు. అందుకే ఆటోల మామలను ఎక్కించుకొని వచ్చిన. అమ్మ నాతోని మాట తీస్కుంది. పొద్దుండంగనే తీస్కపోదం. మనం నలుగురం చాలు."

పింకీ గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడింది. "కొడుకు గద ఆంటీ, ముందు భానన్నకే చేసిన" అంది మెల్లగా.

భాను నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు ఎవ్వలికీ చెప్పలే గద అక్కా?"

"లేదు" అన్నాను.

వాళ్ళు పాడె కట్టడం మొదలుపెట్టారు. మేనమామ ఒకాయన, ఇంత త్వరగా ఏ చావూ కదలలేదు, మా అక్క అదృష్టవంతురాలు అన్నాడు. నేను దేవుణ్ణి మొక్కుకున్నాను. ఎవరూ రాకుండా ఇంకో అరగంట, ఇంకో పావుగంట అని. అప్పుడు ఆవిడను ఆపిన మాటలతోనే ఇప్పుడు నేను అడుక్కుంటున్నాను.

కింద బండి ఆగిన చప్పుడైంది. షామియానా ఇనుప గొట్టాలు దించుతున్న చప్పుడు. భాను కిటికీలోంచి వంగి చూశాడు. "ఎవరు పంపిండ్రయ్యా?"

"అన్న ఆఫీసు నుంచి సార్. మేడం ఫోన్ చేసిండ్రంట."

భాను వెంటనే ఇటు తిరగలేదు. తిరిగాక నావైపు చూశాడు. నేనేదో చెప్పబోయాను. వినకుండా వెళ్ళి తల్లి తలవైపు కూర్చున్నాడు.

అమ్మను కిందికి దించనని చాలాసేపు అన్నాడు భాను. పోలీసులతో అన్నాడు, సురేందర్‌తో అన్నాడు. ఈలోగా గల్లీ నిండిపోయింది. మందుల కంపెనీవాళ్ళు వచ్చారు, కేదార్ వచ్చాడు, ఎవరెవరో తెల్లచొక్కాలవాళ్ళు వచ్చారు. ఈ జనంలోంచి ఇప్పుడు పాడె బయటికి పోయే దారి కూడా లేదు. అన్నగారు లక్డీకాపూల్‌లో బయల్దేరారని ఒకసారి, ఇంకా బయల్దేరలేదని ఒకసారి చెప్పారు. చివరికి మేనమామే, "మంత్రితోని పెట్టుకోకురా కొడుకా" అని భాను గడ్డం పట్టుకున్నాడు.

తలవైపు భానే పట్టుకుని దించాడు. షామియానా కింద, అదే చోట పెట్టారు.

అన్నగారు వచ్చారు. భానును కౌగిలించుకున్నారు. భాను చేతులు కదపలేదు. కాన్వాయ్ గల్లీ చివర ఏ ఇబ్బందీ లేకుండా తిరిగి వెళ్ళిపోయింది. పైకి చూశాను. ఎండ ఎక్కడా లేదు.

డిసెంబర్ 14

భాను నా ఫోన్ ఎత్తడం లేదు.

డిసెంబర్ 20

కర్మ అయింది. దూరంగా నిలబడి చూసి వచ్చాను. పింకీ ఒక్కతే పలకరించింది.

అలవాటులో వచ్చేసింది, కావాలని చెయ్యలేదు అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఆ అలవాటు ఎవరు చేశారు మరి? కాంతవ్వగారు భానును నమ్మింది, నన్నూ నమ్మింది. నేను భానును నమ్మలేదు. చివరికి మాట నిలబెట్టుకోబోయింది వాడు.

డిసెంబర్ 29

మూడు కొత్త కంపెనీలు అపాయింట్‌మెంట్ అడిగాయి. ఒకాయన టీవీలో చూశానన్నాడు. పై అంతస్తు కూడా ఖాళీగా ఉందట.

జనవరి 5

భాను వచ్చాడు. గుండు మీద వెంట్రుకలు మొలుస్తున్నాయి. నేరుగా అద్దం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. వెళ్ళి పక్కన నిలబడ్డాను. కింద రెండు రైళ్ళు పోయాయి.

"లిఫ్టు లేదని సుత చెప్పినవా అక్కా?" అన్నాడు, నావైపు చూడకుండానే.

"చెప్పాను."

తలూపాడు. అక్కా అని పిలిచాడు కదా, ఇంకేదైనా అంటాడని చూశాను. తన టేబుల్ మీది ఆఫీసు తాళాలు నా టేబుల్ మీద పెట్టి బయటికి నడిచాడు. వెనకే వెళ్ళాను. లిఫ్టు తలుపులు తెరుచుకుని ఉన్నాయి. వాడు దానివైపు చూడలేదు. ఏడంతస్తులూ మెట్లు దిగి వెళ్ళాడు. అడుగుల చప్పుడు ఆగిపోయేదాకా పైనే నిలబడి విన్నాను.